కాలు పడే చోటు

ఫ్లెక్సీ మీద ఆయన్ని చూసి కూడా నేను వెంటనే గుర్తుపట్టలేదు. మెడలో టేపు లేదు మరి.

గగన్‌పహాడ్ దగ్గర హైవే పక్కన కరెంటు స్తంభానికి కట్టారు దాన్ని. ఆరాంఘర్‌లో కంపెనీ బస్సు ఎక్కి ఎయిర్‌పోర్టుకు డ్యూటీకి పోతున్నాను. ఆ రోజు ఎడమ వైపు సీటే దొరికింది. బస్సు ట్రాఫిక్‌లో ఆగింది. తెల్ల చొక్కా, మెడ దాకా పెట్టిన గుండీలు, నీళ్ళతో అణిచి దువ్విన జుట్టు, మూలన ఒక పావురం బొమ్మ, కింద "ప్రభువునందు నిద్రించిరి" అన్న మాట. పోయిన ఎవరో పెద్దమనిషి అనుకున్నాను. బస్సు కదలబోతుండగా ఆ చూపు దగ్గర ఆగిపోయాను. ఫోటోలో ఆయన కెమెరాలోకి చూడటం లేదు. కొంచెం కిందికి, ఫోటో తీసేవాడి పాదాలను చూస్తున్నట్టుగా చూస్తున్నాడు. అలా చూసే మనిషిని నేను ఒక్కణ్ణే ఎరుగుదును.

కింద పేరు ఉంది. అదే ఆయన పేరని నాకు అప్పుడే తెలిసింది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన మనుషులను నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. మేమంతా ఆయన్ని టైలరన్న అనేవాళ్ళం.

ఆయన బట్టలు కుట్టేవాడు కాదు. వెల్డింగ్ పని. ఆ ఫ్లెక్సీకి కొంచెం దూరంలో, అదే హైవే పక్కన ఐస్ ఫ్యాక్టరీ గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు, ముందర "గేట్లు, గ్రిల్స్, వెల్డింగ్ పనులు చేయబడును" అని ఒక బోర్డు. బళ్ళ సంగతి ఆ బోర్డు మీద ఉండేది కాదు. కానీ శంషాబాద్ చుట్టుపక్కల పెద్ద బళ్ళు, అదే, క్రూజర్ మోటారు సైకిళ్ళు నడిపేవాళ్ళలో ఆయన తెలియనివాడు లేడు. ఫుట్‌రెస్టులు, గేరు లివరు, బ్రేకు పెడలు ఎక్కడుండాలో మనిషిని బట్టి కొలిచి, అక్కడికి జరిపి బిగించేవాడు. ఆయన తండ్రి కందుకూరు దిక్కు ఏదో ఊళ్ళో దర్జీ అట. తండ్రి టేపునే మెడలో వేసుకుని తిరిగేవాడు. దాని మీద అంకెలు సగం చెరిగిపోయాయి. బొటనవేలితో తడిమి ఇంత అని చెప్పేవాడు, చూసేవాడు కాదు.

బండి తెచ్చినవాణ్ణి షెడ్డు దాకా రానిచ్చేవాడు కాదు. రోడ్డు వారనే ఆపమనేవాడు.

"బండి ఆడనే పెట్టు. నడుసుకుంట రా."

మనం నడిచి వస్తుంటే నేల మీద గొంతుకూర్చుని మన కాళ్ళను చూసేవాడు. ముఖం చూసేవాడు కాదు. చాలాకాలం వరకు నేను ముఖం ఎత్తి పలకరిస్తే ఆయన గుర్తుపట్టేవాడు కాదు. నాలుగడుగులు వేస్తే మాత్రం, "ఓహో నువ్వా, కుడి మడమ గీకుతవు గదా" అనేవాడు.

తర్వాత బండిని రెండు చెక్క దిమ్మెల మధ్య నిలబెట్టి, ఫుట్‌రెస్టులు ఊడదీసి, మనల్ని ఎక్కించేవాడు.

"కండ్లు మూసుకో. రెండు కాళ్ళు గాలికి వదిలెయ్. ఇప్పుడు మెల్లగ లేపి ఏడ పెట్టబుద్ధయితే ఆడ పెట్టు."

అక్కడ పెట్టడానికి ఏమీ ఉండదు. కాలు లేపి కళ్ళు మూసుకుని దించితే అది ఆయన అరచేతిలో పడేది. మొదటిసారి అందరూ ఉలిక్కిపడి కాలు లాక్కునేవాళ్ళు. నేనూ లాక్కున్నాను.

"అయ్యో అన్నా, బూట్లు."

"బూట్లతోనే గదా బండి నడుపుతవు? చెయ్యి మాసిపోదులే, పెట్టు."

మన బరువు ఆ అరచేతిలో ఆనగానే రెండో చేత్తో ఫ్రేమ్ మీద సుద్దముక్కతో గీత గీసేవాడు. మూడుసార్లు చేయించేవాడు. మూడు గీతలూ ఒకచోట పడితే పని మొదలు. పడకపోతే, "పోయి చాయ్ తాగి రా. ఇంక నీ ఒళ్ళు నీ మాట ఇంటలేదు" అనేవాడు. కొందరు మూడు చాయ్‌లు తాగి వచ్చిన రోజులున్నాయి.

ఎయిర్‌పోర్టులో ఉద్యోగం చేసే ఒకమ్మాయి వచ్చింది ఒకసారి. సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టిన ప్రతిసారీ ఫుట్‌రెస్టు పిక్కకు తగిలి కమిలిపోతోందట. అక్కడున్న ఒకాయన, "లేడీసుకు స్కూటీలే మంచియమ్మా" అని నవ్వాడు. ఆ అమ్మాయి ముఖం ముడుచుకుంది. టైలరన్న తల ఎత్తలేదు. గీత గీస్తూనే అన్నాడు:

"అక్కా, నీ కాలుకేం తక్కువ లేదు. అది కిందికొచ్చే తొవ్వల ఇనుపముక్క ఉన్నది. కాలును కోయలేం గదా, ఇనుమును జరుపుదాం."

రెండు వేళ్ళ మందం వెనక్కి జరిపాడు, అంతే. ఆ అమ్మాయి మూడుసార్లు ఆగి, మూడుసార్లు కాలు దించి చూసుకుని, ఆయన వైపు చూసి తల ఊపి వెళ్ళింది. ఆయన ఆ తల ఊపడమూ చూడలేదు. రోడ్డు దాటుతున్న ఎవరి నడకో చూస్తున్నాడు.

ఆదివారం షెడ్డు మూసేవాడు. బళ్ళు నడిపే మావాళ్ళకు ఖాళీ దొరికేది ఆదివారమే. ఎంత బతిమాలినా తెరిచేవాడు కాదు. "ఆదివారం చర్చికి పోతే అందరి కాళ్ళు ఒక్క తీరే ముడుసుకుంటయి. ఆ ఒక్క దినం నాకు కొలిచే పని లేదు" అనేవాడు. ఆయనకు పెద్ద బండి లేదు. పాత మోపెడ్ మీద వచ్చేవాడు. దాని ఫుట్‌బోర్డు ఒకవైపు వంగి ఉండేది. ఎందుకు బాగు చేసుకోవన్నా అంటే నవ్వేవాడు.

నా సంగతి చెప్పాలి.

నేను కార్గోలో సూపర్‌వైజర్ని. పొట్టివాణ్ణి. నలభై దాటాక సెకండ్ హ్యాండ్‌లో ఒక క్రూజర్ కొన్నాను. ఆదివారాలు పొద్దున్నే బయలుదేరే ఒక గుంపులో చేరాను. డజను మంది ఉండేవాళ్ళం. గుంపుకు పెద్ద సురేందర్. ఆరడుగుల మనిషి. అతని బండికి ఫుట్‌రెస్టులు బాగా ముందుకు ఉండేవి. కాళ్ళు రెండూ ముందుకు చాచి, వీపు వెనక్కి వాల్చి, సొంత వాకిట్లో పడక కుర్చీలో ఉన్నవాడిలా పోయేవాడు. వాటిని అట్లా పెట్టింది టైలరన్నే. నాక్కూడా అట్లాగే కావాలని వెళ్ళాను.

ఆయన నడిపించాడు, కూర్చోబెట్టాడు, కళ్ళు మూయించాడు, అరచేయి పట్టాడు. మూడు గీతలు. మూడూ మోకాళ్ళకు సరిగ్గా కిందనే పడ్డాయి.

"నీది గిదే జాగ" అన్నాడు.

"అన్నా, సురేందర్ లెక్క ముందుకు పెట్టు."

"ఆయన కాళ్ళు పొడుగు. ముడిస్తే నొస్తయి, అందుకని చాపిన. నీకు ముందుకు పెడితే బ్రేకు తొక్కాల్నంటే సీటు మీద ముందుకు జరగాలె. జరిగేంత టైము రోడ్డు ఇయ్యది తమ్మీ."

"అలవాటైతది అన్నా."

"అలవాటైతది. పొద్దున మంచిగనే ఉంటది, మాపటికి మంచిగనే ఉంటది. ఒక్క దినం ఉండది."

ఆయన గీతల ప్రకారమే బిగించాడు. నిజం చెప్పాలంటే అది గొప్ప సుఖం. గతుకులొస్తే కొంచెం లేచి నిలబడగలిగేవాణ్ణి. నడుము నొప్పి పోయింది. వెనక మా ఆవిడ పద్మ కూర్చుంటే, "బండి ఇప్పుడు మనదాని లెక్క ఉన్నది" అంది. నాలుగైదు నెలలు అలా గడిచాయి.

గుంపులో నవ్వులాటలు మొదలయ్యాయి. ఫోటోలు దిగినప్పుడు అందరి కాళ్ళూ ముందుకు, నావి కిందికి. "అన్న ఆఫీసు కుర్చీల కూసున్నడు", "ఫైలు ఒకటి చేతికియ్యుండ్రి" అనేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చి ఆ ఫోటోలు పెద్దవి చేసి చూసుకునేవాణ్ణి. చిన్నప్పటి నుంచి బడిలో ముందు వరసలో నిలబడ్డవాడికి ఆ నవ్వు ఎక్కడ తగులుతుందో పొడుగువాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

ఒక శనివారం సెలవు పెట్టి సిటీలో వేరే షాపుకు పోయి ముందుకు పెట్టించాను. వాళ్ళ తప్పు లేదు. అడిగింది చేశారు. పైగా, "సార్, కాలు పూర్తిగా అందుతుందా, చూసుకోండి" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. అందుతుందన్నాను. సీటు చివరకు జరిగి చూపించాను కూడా.

మర్నాడు సురేందర్ చూసి ఆగిపోయాడు.

"ఏందిరా, నీకు టైలరన్న ముందుకు పెట్టిండా? ఆయన పొట్టోళ్ళకు పెట్టడు గదా!"

"పెట్టిండు" అన్నాను. "మల్ల కొలిచి చూసిండు. ఫరక్ లేదన్నడు."

ఎందుకన్నాను? వేరే చోట చేయించానంటే అది నేను కొనుక్కున్న సోకు అవుతుంది. టైలరన్న పెట్టాడంటే నా కాళ్ళు సరిపోయాయని సర్టిఫికెట్. సురేందర్ నా భుజం తట్టాడు. ఆ రోజంతా ఆ తట్టిన చోటు వెచ్చగా ఉంది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు మండుతున్నాయి.

పద్మ ఆ సాయంత్రమే కనిపెట్టింది. "నువ్వు ఎనకకు వాలుతున్నవ్. నా మీదికొస్తున్నవ్" అంది. అలవాటైతదిలే అన్నాను.

మూడు వారాల తర్వాత ఆదివారం పొద్దున శ్రీశైలం హైవే మీద పోతున్నాం. పద్మ నా వెనక ఉంది. కందుకూరు దాటాక ఒక మట్టిబాట నుంచి ట్రాక్టరు తలకాయ బయటికి పెట్టింది. అది మరీ దగ్గరేమీ కాదు. ముందు పోతున్న ఇద్దరూ హాయిగానే ఆగారు. నా కాలు బ్రేకు కోసం ముందుకు పోయింది. వేలికొసలు తగిలాయి, అంతే. సీటు మీద ముందుకు జరిగాను. జరిగేటప్పుడు భయంతో ముందు చక్రానికుండే చేతి బ్రేకు గట్టిగా పట్టేశాను. టైరు కింద గులకరాళ్ళు. బండి పక్కకు పడి జారింది.

నాకు మోచేయి గీసుకుపోయింది. పద్మకు కుడి మణికట్టు విరిగింది, భుజం దగ్గర ఎముక విరిగింది. ఆమె అరవలేదు. రోడ్డు మీద కూర్చుని, తనది కానట్టుగా వేలాడుతున్న చేతిని చూసుకుంటోంది.

సురేందర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? మేమందరం ఆగినం గదా! బ్రేకు కొట్టలేదా?"

"పెడల్ అందలే" అన్నాను. అక్కడ ఆపితే సరిపోయేది. అది నిజమే. కానీ అందరూ పద్మ చేతిని చూస్తున్నారు, తర్వాత నా వైపు చూస్తున్నారు. "ఫిట్టింగ్ లూజున్నది. జరిగింది" అన్నాను.

"టైలరన్న ఫిట్టింగా?"

నేను అవుననలేదు. కాదనలేదు. అంత తెలివి ఆ సమయంలో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

సోమవారం మధ్యాహ్నం ఆయన శంషాబాద్‌లో మేమున్న దవాఖానకు వచ్చాడు. అప్పటికే సురేందర్ షెడ్డు ముందుకు పోయి నలుగురిలో అరిచి వచ్చాడు. మా వాట్సాప్ గ్రూపులో రాశాడు. ఆ రాసింది ఇంకో నాలుగు గ్రూపులకు పోయింది. ఆయన దవాఖానకు రాకముందు కందుకూరుకు పోయి, అక్కడ ఒక మెకానిక్ దగ్గర పెట్టిన నా బండిని చూసి వచ్చాడని నాకు తర్వాత తెలిసింది. ఒకసారి చూస్తే ఆయనకు చాలు. తను బిగించిన చోటు ఎక్కడో, ఇప్పుడు ఫుట్‌రెస్టులు ఎక్కడున్నాయో.

మెడలో టేపుతోనే వచ్చాడు. చేతిలో ఒక స్టీలు డబ్బా. చెప్పులు గది బయట విడిచి, లోపలికొచ్చి, పద్మ మంచం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, నొప్పి ఎట్లున్నది? మా ఇంటామె జావ చేసిచ్చింది."

సురేందర్ లేచాడు. "జావ తెచ్చినవా? ఆ బిడ్డ చెయ్యి తెచ్చిస్తవా? ఫిట్టింగ్ రాకుంటే రాదని చెప్పాలె. గిట్ల మనుషుల పానాలతోటి ఆడుకుంటవా?"

ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. కాళ్ళను కాదు. ముఖాన్ని. ఆయన నా ముఖాన్ని అంతసేపు చూడటం అదే మొదలు.

"నేను పెట్టిన జాగ వేరే ఉండె" అన్నాడు. నెమ్మదిగా, నాకు తోవ ఇస్తున్నట్టుగా అన్నాడు. ఆ తర్వాత ఆగాడు. నా కోసం ఆగాడు.

నేను సెలైన్ సీసాను చూశాను. చుక్క పడింది. ఇంకో చుక్క పడింది. ఎన్ని పడ్డాయో తెలియదు.

ఆయన డబ్బా కిటికీలో పెట్టాడు. "మంచిగ కావాలె అమ్మా. ప్రార్థన చేస్తం" అన్నాడు. బయట చెప్పులు వేసుకుంటున్నప్పుడు ఒక చేత్తో గోడ పట్టుకున్నాడు.

"చూసినవా, నోరు లేవలే" అన్నాడు సురేందర్.

ఆ తర్వాత ఆయన షెడ్డు ముందు బళ్ళు ఆగడం తగ్గింది. ఎండాకాలం వచ్చేసరికి పూర్తిగా పోయింది. దిమ్మెలుండే చోట కిటికీ గ్రిల్స్ వరసగా ఆనించి ఉండేవి. నేను బండి పక్కన పెట్టేసి కంపెనీ బస్సులో తిరుగుతున్నాను. పోయేటప్పుడు కుడి వైపు సీట్లలో, వచ్చేటప్పుడు ఎడమ వైపు సీట్లలో కూర్చునేవాణ్ణి. ఆ షెడ్డు కనబడకుండా ఉండటానికి నేను నేర్చుకున్న లెక్క అది.

పద్మ కట్టు విప్పినా చేయి పైకి లేచేది కాదు. రోజూ పొద్దున నేనే తల దువ్వి జడ వేసేవాణ్ణి. సరిగా వచ్చేది కాదు. ఒకరోజు దువ్వుతుంటే అద్దంలో నన్ను చూస్తూ అంది:

"ఆయన దవాఖానల నీ దిక్కు చూసిండు గదా. తప్పు చేసినోని చూపు గాదది."

నేను చిక్కు తీస్తున్నాను.

"ఆయన పెట్టిండని నువ్వు నాతోని ఒక్కసారి గూడ అనలే. సురేందరన్న అన్నడు, నువ్వు ఊకున్నవ్."

చెప్పేశాను. సిటీ షాపు, సీటు చివరకు జరగడం, అంతా. ఆమె పూర్తిగా విన్నది. తర్వాత ఎడమ చేయి వెనక్కి చాచి నా చేతిలోంచి దువ్వెన తీసుకుంది. దువ్వుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"చెయ్యి ఇరిగిందానికి నాకేం కోపం లేకుండె" అంది. "ఇప్పుడొస్తున్నది."

అడపాదడపా అడుగుతూనే ఉండేది. "పోయి చెప్పినవా?" లేదనేవాణ్ణి. ఏడాది కావస్తుండగా ఒక శనివారం బండి తీసి ఆయన దగ్గరికి పోయాను. రోడ్డు వారన ఆపి నడుచుకుంటూ వెళ్ళాను. ఆయన గ్రిల్లుకు రంగు వేస్తున్నాడు. మెడలో టేపు లేదు. నా అడుగులు చూసి కుంచె డబ్బాలో పెట్టాడు.

"బండి తెచ్చినవా?"

"తెచ్చిన."

లోపలికి పోయి రేకు పెట్టెలోంచి టేపు తీసుకొచ్చాడు. దిమ్మెలు ఎక్కడో అడుగున పడి ఉంటే ఇద్దరం కలిసి బయటికి లాగాం. అన్నీ ఊడదీసి నన్ను ఎక్కించి కళ్ళు మూసుకోమన్నాడు. కాలు లేపాను. దించలేకపోయాను.

"పెట్టు" అన్నాడు.

ఆయన అరచేతిలో పెట్టాను. మూడుసార్లు. కళ్ళు మూసుకునే ఉన్నాను. ఆ చీకట్లోనే మొదలుపెట్టాను.

"అన్నా, ఆ దినం దవాఖానల నేను..."

"నీ కాలు నాకు అప్పుడే చెప్పింది. నోటితోని చెప్పేది నాకు గాదు, వాళ్ళకు చెప్పు."

సాయంత్రం దాకా పని చేశాడు. గీతలు పాత చోటే పడ్డాయి, అక్కడే బిగించాడు. బ్రేకు పెడల్ మీద తన చేత్తో పదిసార్లు నొక్కి చూశాడు. నేను బయలుదేరేటప్పుడు, "ఇగ ఇసొంటి పని చేస్తలేను. నీ ఒక్కని బండే తప్పుల ఉండిపోయె. గందుకే చేసిన" అన్నాడు.

వాళ్ళకు చెప్పు అన్నాడు. నేను చెప్పలేదు. గుంపు అప్పటికే చెదిరింది. సురేందర్‌కు బదిలీ అయింది. గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు కదిపి లాభమేమిటి అనుకున్నాను. మూడుసార్లు రాసి తుడిపేశాను. ఆయన బండి బాగు చేశాడు కదా, అంటే క్షమించాడనే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. బండి సుఖంగా నడిచేది. ఆ సుఖం మీద కూర్చుని రెండేళ్ళు తిరిగాను.

ఫ్లెక్సీ చూసిన రోజు రాసి, తుడపకుండా పంపాను. ఫిట్టింగ్ టైలరన్నది కాదని, నేనే వేరే చోట మార్పించానని, అబద్ధమాడానని. ఒకాయన రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. పూర్తిగా చదవలేదనుకుంటాను. గంటకు సురేందర్ ఫోన్ చేశాడు.

"నేను ఆయనను నలుగుట్ల ఎంతెంత మాటలన్ననో నీకు ఎరికేనా?"

"ఎరికే."

"ఎరికుండి మూడేండ్లు ఊకున్నవా?"

నేను ఏదో అనబోయేలోపు పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు.

ఫ్లెక్సీ మీద వేసిన తేదీకి, ఆయన ఇంటి దగ్గర పెట్టిన ఆదరణ ప్రార్థన కూడికకు పద్మా నేనూ వెళ్ళాం. కందుకూరు దాటాక లోపలికి ఉన్న ఊరు. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. పాస్టరుగారు వాక్యం చదివి, పాట అయ్యాక, ఆయన గురించి ఎవరన్నా రెండు మాటలు చెప్పదలచుకుంటే చెప్పమన్నారు. ఐస్ ఫ్యాక్టరీ వాచ్‌మన్ చెప్పాడు. ఒక మేనల్లుడు చెప్పాడు. పద్మ నా వైపు చూడలేదు, మోచేత్తో పొడవలేదు. ఊరికే కూర్చుంది. నేను లేచాను.

రాసుకొచ్చిన మాటలు మరిచిపోయాను. ఆయన గొప్ప పనిమంతుడన్నాను. మూడేళ్ళ కింద జరిగిన ప్రమాదంలో ఆయన తప్పేమీ లేదన్నాను. కొన్ని పొరపాట్ల వల్ల ఆయనకు చెడ్డపేరు వచ్చిందన్నాను. అందరూ తలలూపారు. కూర్చోబోతుంటే ముందు వరసలోంచి ఆయన భార్య లేచింది. తెల్లచీర కొంగు చేతికి చుట్టుకుంటూ నా దగ్గరికి నడిచి వచ్చింది.

"జర ఆగు తమ్మీ. ఆయన తప్పు లేకుండెనా?"

"లేదక్కా."

"బ్రేకు ఆయన పెట్టింది గాదా?"

"కాదక్కా."

ఆమె కొంగు చుట్టుకోవడం ఆపింది. "మాకు ఆయన చెప్పలే" అంది. "నీదేనా తప్పని అడిగితే, ఊకె కూసున్నడు. నేను నిజమే అనుకున్న. కండ్లు మందగించినయి, ఇగ ఆ పని ముట్టకు, ఎవరి ఉసురన్న తగుల్తదని నేనే మాన్పించిన. కండ్ల దవాఖానకు తోల్కపోయిన. కండ్లు మంచిగున్నయని డాక్టరు చెప్పిండు. అయిన నమ్మలే. టేపు నేనే పెట్టెల పడేసిన."

పాస్టరుగారు మైకు పక్కకు తిప్పారు.

"మా బిడ్డ లోపట వంటకాడ ఉన్నది. అది ఇనలే" అంది ఆమె. "అది గూడ వాళ్ళ నాయనను అన్నది, నీతోని మాకు తలవంపులని. పిలుస్త. మల్ల చెప్పు."

కూతురు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతులకు పిండి ఉంది. ఎందుకు పిలిచారో తెలియక తల్లిని, నన్ను చూస్తూ నిలబడింది.

ఈసారి పొరపాట్లు అనలేదు. "మీ నాయన పెట్టింది నేను తీయించిన. వేరే దగ్గర మార్పించిన. నా భార్యను నేనే కింద పడేసిన. అది మీ నాయన మీదికి పోతుంటే ఊకున్న. మీ నాయన దవాఖానకొచ్చి నా ముంగట నిలబడ్డా చెప్పలే. అబద్ధమాడిన."

ఆమె చివరి దాకా విన్నది.

"మా నాయనకు ఎరికేనా, నువ్వు అబద్ధమాడినవని?"

"ఎరికే."

"ఎప్పటి సంది?"

"మొదటి దినం సంది."

ఆమె పిండి చేతులను అలాగే గాలిలో పట్టుకుని తల్లి వైపు చూసింది. తల్లి ఆమె వైపు చూసింది. నా వైపు ఇద్దరూ చూడలేదు.